హైవే వెడల్పైంది, మా వీధిలో దండలేసిన ఫొటోలు పెరిగాయి. ఎందుకంటారు?

వంశధార కుర్రోడు | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ కొత్తగా చేరాను, తప్పులుంటే సర్దుకోండి.

మాది రణస్థలం పక్కన హైవేకి ఆనుకున్న ఊరు. పేరు రాయను. నా చిన్నప్పుడు అది రెండు వరసల రోడ్డు, ఐదో నంబరు అనేవాళ్లు. తర్వాత నాలుగు వరసలైంది, నంబరు పదహారైంది, ఇప్పుడు ఆరు వరసలు. ఈలోపు పైడిభీమవరం వైపు ఫ్యాక్టరీలొచ్చాయి. మా వీధిలో సైకిళ్లు పోయి బళ్లొచ్చాయి. నేనూ అక్కడే ఒక కంపెనీలో చేస్తున్నాను. నా కంచంలో అన్నం దానివల్లే కాబట్టి అభివృద్ధిని తిట్టడానికి రాలేదు.

పోయిన నెల మా పిన్ని కొడుకు పోయాడు. ఇరవై నాలుగేళ్లు. బి షిఫ్టు దిగి రాత్రి పదిన్నరకి వస్తున్నాడు. మా ఊరి ఎదురుగా డివైడర్ మీద ఇనపకంచె ఎవరో విరిచి, ఒక గేదె పట్టేంత కంత చేశారు. ఊరంతా అందులోంచే దాటుతుంది, బళ్లు కూడా అందులోంచే దాటిస్తారు. సరైన దారిలో రావాలంటే ముందుకెళ్లి యూటర్న్ తిప్పుకుని వెనక్కి రావాలి. వాడు ముందుచక్రం కంతలోకి ఎక్కించాడు, వెనకచక్రం ఇంకా రోడ్డు మీదే ఉంది. కంటైనర్ లారీ వచ్చేసింది. హెల్మెట్ పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకున్నాడు, తలకి కాదు.

బండి ఇంకా స్టేషన్లోనే ఉంది. ఈఎంఐ మాత్రం ఐదో తారీకున వాడి ఖాతాలోంచి కట్ అయింది.

మా వీధిలో పదేళ్లలో ఇలా పోయినవాళ్లు నలుగురు. తాతల కాలంలో రోడ్డు మీద పోయింది ఒక్కడేనట, అదీ ఎడ్లబండి తిరగబడి. నాలుగు డబ్బులు చేతిలో ఆడేకొద్దీ మనుషులు ఇలా పోవడం మా దగ్గరేనా, అన్నిచోట్లా ఇంతేనా? లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి.

బొబ్బిలి బాబ్జీ | ఆదివారం రాత్రి 10:05

అయ్యో తమ్ముడూ. బాధలో ఉన్నావు, ఏమీ అనుకోకు. రోడ్డు ఏం చేస్తుంది? కంచె విరిచినవాడిది తప్పు, హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకున్నవాడిది తప్పు. మన శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాలకీ రోడ్లు లేక, పనుల్లేక జనం హైదరాబాదు, చెన్నై వలసపోయారు. ఇప్పుడు భోగాపురంలో విమానాశ్రయం, సాలూరు మీదుగా రాయపూర్–విశాఖ కారిడార్ అంటున్నారు. ఈ టైములో ‘రోడ్డు చంపేసింది’ అని మొదలెడితే వచ్చేవి కూడా రావు.

చీపురుపల్లి సీత | ఆదివారం రాత్రి 10:12

బాబ్జీ గారూ, అతను రోడ్డొద్దన్నాడా ఎక్కడైనా? మళ్లీ చదవండి.

ఆమదాలవలస మేష్టారు | సోమవారం ఉదయం 6:15

బాబూ, ముందు నీ పిన్నిగారికి నా సానుభూతి చెప్పు. ముప్ఫై ఏళ్లు కాలేజీలో గణాంకాలు చెప్పినవాణ్ని, కాస్త పొడుగ్గా రాస్తాను. ఓపిక లేనివాళ్లు దాటేయండి.

నువ్వడిగింది పాత ప్రశ్నే. స్మీడ్ అనే బ్రిటిష్ గణాంకవేత్త 20 దేశాల 1938 నాటి లెక్కలు ముందేసుకుని 1949లో ఒక సూత్రం కట్టాడు. జనాభాలో బళ్లు పెరిగేకొద్దీ ఒక్కో బండి లెక్కన పడే చావులు తగ్గుతాయని తేలింది. వింటే సంతోషంగానే ఉంటుంది. కానీ బండి లెక్కన చూడటం వేరు, ఊరి లెక్కన చూడటం వేరు.

మీ వీధినే తీసుకుందాం, అంకెలు నావి, ఊరికే ఊహకి. వీధిలో పది బళ్లున్న రోజుల్లో వంద బళ్లకి ఏడాదికొక చావు చొప్పున పడిందనుకో. అంటే పదేళ్లకొకడు. ఇప్పుడు బళ్లు మూడొందలు. నడపడం వచ్చింది, బ్రేకులు బాగుపడ్డాయి, మూడొందల బళ్లకి ఏడాదికొకటి దగ్గరకి రేటు దిగింది. బండి లెక్కన ప్రమాదం మూడో వంతైంది. వీధిలో మాత్రం ఏటా ఒక ఫొటోకి దండ పడుతుంది. సభలో మంత్రిగారు మొదటి లెక్క చదువుతారు, మీ పిన్ని రెండో లెక్క చూస్తుంది.

ఈ రెంటినీ కలిపి ఎలిజబెత్ కోపిట్స్, మౌరీన్ క్రాపర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రపంచ బ్యాంకు కోసం 2003లో ఒక పత్రం రాశారు. 1963 నుంచి 1999 దాకా 88 దేశాల లెక్కలు తీశారు. తలసరి ఆదాయం పెరుగుతుంటే జనాభా లెక్కన రోడ్డు చావులు ముందు పెరుగుతాయి, ఒకచోట శిఖరానికి చేరతాయి, తర్వాత దిగుతాయి. కొండలా ఉంటుంది గ్రాఫు. ఆ శిఖరం 1985 ధరల్లో సుమారు 8,600 అంతర్జాతీయ డాలర్ల తలసరి ఆదాయం దగ్గర వచ్చింది. ఆ లెక్కన భారతదేశంలో దిగడం మొదలయ్యేది 2042లో అని వాళ్ల అంచనా.

కాబట్టి మీ దగ్గరే కాదు బాబూ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం ఏటా 11.9 లక్షల మంది రోడ్ల మీద పోతున్నారు. అందులో 92 శాతం పేద, మధ్యాదాయ దేశాల్లోనే. ప్రపంచంలో ఉన్న బళ్లలో ఆ దేశాల వాటా చూస్తే 60 శాతం దగ్గరే.

బొబ్బిలి బాబ్జీ | సోమవారం ఉదయం 8:30

మేష్టారూ, మీరే నా మాట నిలబెట్టారు. డబ్బొస్తే తగ్గుతాయన్నమాట. 2042 దాకా సంపాదించుకుంటూ పోవడమే.

ఆమదాలవలస మేష్టారు | సోమవారం ఉదయం 8:52

అలా చదవకు నాయనా. ఆ పత్రం చెప్పింది ‘ఇంతవరకూ ఇలా జరిగింది’ అని. పంచాంగం కాదు అది.

టోపీ ఇంజనీరు (రిటైర్డ్) | సోమవారం ఉదయం 11:20

మేష్టారి కొండకి అవతలి వైపు ఎలా దిగారో నేను చెబుతాను. రోడ్లే నా ఉద్యోగం, వేయించినవాళ్లలో నేనూ ఒకణ్ని.

జపాన్ చూడండి. 1970లో అక్కడ రోడ్ల మీద 16,765 మంది పోయారు. జనం దాన్ని ‘ట్రాఫిక్ యుద్ధం’ అన్నారు. అదే ఏడాది రోడ్డు భద్రత కోసం ప్రత్యేకంగా చట్టం తెచ్చి, కాలిబాటలు, సిగ్నళ్లు, పాదచారుల వంతెనలు వేయడానికి డబ్బు కేటాయించారు. 1979కి 8,466కి దిగింది. ఆ తొమ్మిదేళ్లూ బళ్లు పెరుగుతూనే ఉన్నాయి. అక్కడితో కథ అయిపోలేదు. చేతుల్లో డబ్బాడిన రోజుల్లో మళ్లీ ఎక్కి 1992కి 11 వేలు దాటింది. మళ్లీ పట్టుబట్టారు, 2022కి 2,610. డబ్బు ఒక్కటే మందైతే మధ్యలో ఆ రెండో ఎక్కుడు ఎందుకొచ్చినట్టు?

ఇక మన హైవే. దేశం మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు రెండు శాతం చిల్లర. 2022లో రోడ్డు చావుల్లో 36 శాతం వాటి మీదే. ఎందుకంటే మన ఊళ్లు రోడ్డుకి అటొక సగం ఇటొక సగం ఉంటాయి. బడి ఇటు, చెరువు అటు. బస్టాపు ఇటు, రచ్చబండ అటు. రోడ్డు రెండు వరసలుగా ఉన్నప్పుడు గేదెని తోలుకుని పోయినవాడు, ఆరు వరసలయ్యాక గేదెని అమ్మేసుకోడు కదా. దూరప్రయాణం లారీకీ ఊరి మనిషికీ ఒకే రోడ్డు ఇచ్చాం. వేగం మాత్రం లారీకి తగ్గట్టు ఇచ్చాం.

కంచె విరవడం తప్పే బాబ్జీ గారూ, కాదనను. నా సర్వీసులో నేనే ఎన్నో కంతలు మూయించాను. వారం తిరక్కుండా పక్కన ఇంకోటి పడేది. మనిషి ఎక్కడ దాటుతాడో అక్కడ కింద దారి ఇవ్వకుండా గోడ కడితే ఆ గోడ నిలవదు. అండర్‌పాస్‌కి అయ్యే ఖర్చు అంచనాలో ముందు ఎగిరిపోయే పద్దు. ఇది అనుభవం మీద చెబుతున్నాను, ఏ ఆఫీసు అని అడక్కండి.

గజపతినగరం లారీ | సోమవారం మధ్యాహ్నం 2:45

నాది పదహారు టైర్ల బండి. సాలూరు ఘాటీ మీదుగా ఒడిశా లైనే ఎక్కువ. అందరూ లారీవాణ్నే తిడతారు, అలవాటైపోయింది.

తమ్ముడూ, ఆ కంటైనర్ డ్రైవరు తాగలేదనే అనుకుంటున్నాను. కంతలోంచి బండి వెనకచక్రం బయటికుంటే ఎనభై మీద వస్తున్నవాడికి కనబడటం కష్టం. బండి టెయిల్ లైటు మా వైపు ఉండదు, పక్కకి ఉంటుంది. లోడు బండి బ్రేకు తొక్కితే ఆగాలని ఉన్నా ఆగదు. పాత రోడ్డు మీద గతుకుల్లో ముప్ఫై, నలభై దాటేవాళ్లం కాదు. అప్పుడు కొట్టినా కాలు విరిగేది. ఇప్పుడు రోడ్డు అద్దంలా ఉంది, యజమాని ట్రిప్పులు లెక్కపెడతాడు, ఫోన్లో బండి ఎక్కడుందో చూసుకుంటాడు. ఈ టోలు ఎన్నింటికి దాటావు, ఆ టోలు ఎన్నింటికి దాటావు అని అడుగుతాడు. పడుకున్నావా అని అడిగినవాడు ఇంతవరకూ లేడు.

ఇంకోటి. సంక్రాంతికి మూడ్రోజుల ముందు నేను బండి తీయను. హైదరాబాదు నుంచి కుర్రాళ్లు బైకు మీదే వచ్చేస్తున్నారు, వెనక పెళ్లాం, మధ్యలో పిల్ల, ముందు బ్యాగు. బస్సు టికెట్టు డబ్బులు మిగులుతాయని. తెల్లారగట్ల తుని దాటాక వాళ్లు నిద్రలో నడుపుతుంటారు, నేనూ నిద్రలో నడుపుతుంటాను.

చీపురుపల్లి సీత | సోమవారం మధ్యాహ్నం 3:10

ఆఖరి ముక్క చదివి చెయ్యి వణికింది అన్నా. మా తమ్ముడు పోయిన పండక్కి అలాగే వచ్చాడు.

నైట్ డ్యూటీ నర్సు | మంగళవారం ఉదయం 7:50

డ్యూటీ దిగి రాస్తున్నాను. ఏ ఆసుపత్రో చెప్పను, క్యాజువాలిటీలో పదకొండేళ్లు.

మీరంతా చావుల గురించి మాట్లాడుతున్నారు. చావని వాళ్ల గురించి ఎవరూ రాయలేదు. నాకు గుర్తుండేది వాళ్లే. తలకి దెబ్బ తగిలి బతికిన కుర్రాడు, పేరు అడిగితే చెబుతాడు, అన్నం తిన్నావా అంటే ఏడుస్తాడు. వాళ్లమ్మ జీడిపిక్కలు ఒలిచే పనికి పోయేది, ఇప్పుడు మానేసి వీడి దగ్గరే కూర్చుంటుంది. సంపాదించేవాళ్లు ఇద్దరు తగ్గారు, లెక్కలో మాత్రం ‘ఒక తీవ్రగాయం’. ప్రపంచ బ్యాంకు, సేవ్‌లైఫ్ ఫౌండేషన్ కలిసి ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్ర, తమిళనాడుల్లో సర్వే చేసి 2021లో నివేదిక ఇచ్చాయి. ప్రమాదం జరిగాక పేద ఇళ్లలో 75 శాతానికి పైగా ఆదాయం పడిపోయిందని అందులో ఉంది. నాకది చదవక ముందే తెలుసు.

రాత్రి పది దాటాక వచ్చేవాళ్లలో ఎక్కువమంది బైకు మీద వాళ్లు, నడిచేవాళ్లు, ఆటోలో కిక్కిరిసి కూర్చున్నవాళ్లు. కారులో వచ్చి కారుకి గుద్దుకున్నవాళ్లు తక్కువ, వాళ్లకి బెల్టుంటుంది, బెలూను తెరుచుకుంటుంది. అభివృద్ధి అందరికీ ఒకేసారి రాదండీ. ముందు కారులో వాడికి భద్రత వస్తుంది.

108 అంబులెన్సు మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. దానివల్ల బతికినవాళ్లని నేను చేత్తో లెక్కపెట్టలేను. కానీ తల లోపల రక్తం గడ్డ కడితే న్యూరోసర్జన్ కావాలి, ఇచ్ఛాపురం, మందస వైపు నుంచి విశాఖకి రిఫర్ అంటే దారిలోనే గంటలు పోతాయి. మేష్టారి కొండ దిగడంలో డాక్టర్ల పాత్ర కూడా రాయాలి. 2022లో కేరళలో 43,910 ప్రమాదాలకి 4,317 మరణాలు. ఉత్తరప్రదేశ్‌లో 41,746 ప్రమాదాలకి 22,595. ప్రమాదాలు ఇంచుమించు ఒక్కటే, చావులు ఐదు రెట్లు.

హెల్మెట్ గురించి ఒక్క మాట. పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే హెల్మెట్ వల్ల చావు ముప్పు 42 శాతం, తలగాయం ముప్పు 69 శాతం తగ్గుతుందని తేలింది. తలకి పెట్టుకుని, కింద బెల్టు బిగిస్తేనే. బెల్టు బిగించని హెల్మెట్లు రోడ్డు పక్క నుంచి ఏరుకొచ్చి బంధువులు నా చేతికిస్తుంటారు, చెక్కుచెదరకుండా ఉంటాయి.

ఆమదాలవలస మేష్టారు | మంగళవారం ఉదయం 9:05

అమ్మా, కేరళ లెక్కకి చిన్న సవరణ. అక్కడ వైద్యం దగ్గరగా ఉండటం నిజమే. దాంతోపాటు అక్కడ చిన్న గీతపడ్డా కేసు రాయించుకుంటారు. ఉత్తరాదిన ప్రాణం పోతేగానీ పుస్తకంలోకి ఎక్కదు. కాబట్టి ఆ ఐదు రెట్లలో కొంత కాగితం తేడా కూడా ఉంది. మిగిలినదంతా నువ్వు చెప్పినదే.

ప్లీడరు గుమస్తా | మంగళవారం సాయంత్రం 6:30

కాగితం మాట వచ్చింది కాబట్టి నేనూ దూరతాను. వంశధార తమ్ముడూ, ఎంవీఓపీ (ప్రమాద పరిహారం కోసం కోర్టులో వేసే పిటిషన్) వేశారా? వేయకపోతే ఆలస్యం చేయొద్దు. 2019 సవరణతో చట్టంలో ఆరు నెలల గడువు పెట్టారు. లారీ నంబరు దొరికిందా? దొరక్కపోతే హిట్ అండ్ రన్ కింద మరణానికి 2 లక్షలు, తీవ్రగాయానికి 50 వేలే.

తమ్ముడి జీతం స్లిప్పులున్నాయా? అది ముఖ్యం. లెక్క ఎలా ఉంటుందో చూపిస్తాను. నెలకి 15,000 అని రుజువైతే ఏడాదికి 1,80,000. ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 2,52,000. పెళ్లికాలేదు కాబట్టి సొంత ఖర్చుల కింద సగం తీసేస్తారు, 1,26,000. ఇరవై నాలుగేళ్ల వయసుకి గుణకం (వయసుని బట్టి గుణించే అంకె) 18. మొత్తం 22,68,000, మిగతా చిల్లర పద్దులు వేరే. అదే జీతం రుజువు లేక కోర్టు 8,000 చొప్పున ఊహించుకుందనుకోండి, 12,09,600. మనిషి ఒకడే, షిఫ్టు ఒకటే. పది లక్షల పైచిలుకు తేడా, అంతా ఒక కాగితం ముక్క మీద. కాంట్రాక్టు కూలీలకి మేస్త్రీ చేతిలో డబ్బులు పెట్టిపోతాడు చూడండి, ఆ తేడా వాళ్లింట్లో పడుతుంది.

వంశధార కుర్రోడు | మంగళవారం రాత్రి 11:15

గుమస్తా గారూ, లారీ దొరికింది. స్లిప్పులే లేవు. కాంట్రాక్టరు కిందే చేసేవాడు. మూడు నెలలు ఫోన్‌పేలో వేశాడు, తర్వాత చేతికిచ్చాడు.

ప్లీడరు గుమస్తా | మంగళవారం రాత్రి 11:22

ఆ మూడు నెలల స్టేట్‌మెంటు బ్యాంకులో స్టాంపు వేయించి తీసుకోండి. గేటు దగ్గర హాజరు పుస్తకంలో పేరుంటే దాని నకలు అడగండి. తోటి కార్మికుడు ఒకరు సాక్ష్యం చెప్పినా మేలే. మిగతాది పర్సనల్ మెసేజ్‌లో.

బొబ్బిలి బాబ్జీ | బుధవారం ఉదయం 7:40

రాత్రంతా ఇవన్నీ చదివాను. నర్సమ్మ గారు రాసిన ఆ తల్లి సంగతి కళ్లముందు తిరుగుతోంది. సరే, ఒప్పుకుంటాను, డబ్బొక్కటే సరిపోదు. కానీ డబ్బు లేకుండా అండర్‌పాస్ ఎవడు కడతాడు? అభివృద్ధిని తప్పుపట్టడం మాత్రం నేనొప్పుకోను. కరోనా ఏడాది 2020లో బళ్లాగితే చావులు తగ్గాయి, జనం పస్తులున్నారు. అలాంటి తగ్గుదల ఎవరికి కావాలి?

టోపీ ఇంజనీరు (రిటైర్డ్) | బుధవారం ఉదయం 10:10

ఇది మంచి పాయింటు. అమెరికాలో కూడా మాంద్యం వచ్చినప్పుడల్లా రోడ్డు చావులు తగ్గుతాయి. 2005లో 43 వేల పైన ఉన్నది 2010కి 33 వేలకి దిగింది. అందులో కొంత పనుల్లేక బళ్లు ఆగడం వల్ల. మన దేశంలో కరోనా ఏడాది తగ్గినది 2022కి 1,68,491కి ఎగబాకింది. అంటే మనం బండిని ఆపామే గానీ రోడ్డుని మార్చలేదు.

డబ్బు సంగతి. అండర్‌పాస్ ఖరీదైనదే. కానీ ఊరు మొదలయ్యే చోట వేగం తగ్గించే గరుకు పట్టీలు, స్తంభానికి లైటు, బస్టాపుని కంత దగ్గర నుంచి కాస్త జరపడం, వీటికి కోట్లు అక్కర్లేదు. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదం ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరి దగ్గర వేగం పది శాతం తగ్గించినా ఎంత ఆదా అవుతుందో మీరే గుణించుకోండి.

తమ్ముడూ, నువ్వు ఒక పని చెయ్యి. ‘బ్లాక్ స్పాట్’ అని రాయించగలిగితే నిధులకి దారి ఉంటుంది. దానికి నిర్వచనం ఉంది. సుమారు 500 మీటర్ల పొడవులో, మూడేళ్లలో, మరణమో తీవ్రగాయమో జరిగిన ప్రమాదాలు ఐదు ఉండాలి. లేదా మరణాలు పది ఉండాలి. ఎఫ్‌ఐఆర్ నంబర్లు ఏరు. సోమవారం కలెక్టరు ఆఫీసు గ్రీవెన్స్‌లో అర్జీతో జతచెయ్యి.

గజపతినగరం లారీ | బుధవారం మధ్యాహ్నం 1:00

ఐదుగురు పడితే గానీ అక్కడ లైటు వేయరా సార్?

టోపీ ఇంజనీరు (రిటైర్డ్) | బుధవారం మధ్యాహ్నం 1:25

వేయకూడదని ఎక్కడా లేదు. కానీ జాబితాలో ఉంటే అడగడానికి చేతిలో ఆధారం ఉంటుంది.

మోడరేటర్ | బుధవారం సాయంత్రం 5:00

రెండు వ్యాఖ్యలు తీసేశాం. ఒకదానిలో కులం పేరు, ఇంకోదానిలో లారీ యజమాని ఫోన్ నంబరు ఉన్నాయి. దయచేసి పెట్టకండి.

వంశధార కుర్రోడు | శనివారం రాత్రి 10:50

అందరికీ దండాలు. మూడు రోజులు తిరిగాను.

ముందు బండి మీటరు పెట్టి కొలిచాను. బస్టాపు నుంచి మా వీధికి సరైన దారిలో 4.6 కిలోమీటర్లు. కంతలోంచి నడిస్తే వంద అడుగులుండదు. నేను కొలుస్తుండగానే ఒక ముసలమ్మ బియ్యం సంచి నెత్తిన పెట్టుకుని కంతలోంచి దాటింది. ఎందుకమ్మా అలా అంటే, ‘నాకు బండి లేదు కదా బావూ’ అంది.

స్టేషన్లో హెడ్డు గారు బాగానే సాయం చేశారు. మూడేళ్లలో ఆ కంతకి అటూ ఇటూ ఎఫ్‌ఐఆర్‌లు నాలుగు. మా తమ్ముడిది, ఇంకో చావు, కాళ్లు విరిగినవి రెండు. ఒకటి తక్కువ.

మా వీధి చివర ఇంట్లో దాలమ్మ గారని (పేరు మార్చాను) రెండేళ్ల కిందట అక్కడే కారు గుద్ది తుంటి విరిగింది. కేసు పెట్టలేదు. కారువాళ్లు ఇరవై వేలిచ్చి కాగితం రాయించుకున్నారు. ఆ డబ్బులు ఆపరేషన్‌కే చాలక మెడలో పుస్తెలతాడు తాకట్టు పెట్టారు. ఇప్పుడు కర్రతో నడుస్తుంది. ఆసుపత్రి కాగితాలు ట్రంకుపెట్టెలో ఉన్నాయంట, వెతికిస్తానంది. ‘ఇప్పుడు కేసంటే ఆ ఇరవై వేలు తిరిగి అడుగుతారేటి బాబూ?’ అని మూడుసార్లు అడిగింది. నాకు జవాబు తెలియలేదు.

గుమస్తా గారూ, రెండేళ్ల తర్వాత ఎఫ్‌ఐఆర్ రాస్తారా? రాయకపోతే ఆ డిశ్చార్జి కాగితం అర్జీకి జతచేస్తే ఐదోదిగా లెక్కేస్తారా ఇంజనీరు గారూ? సోమవారం పొద్దున్న శ్రీకాకుళం బయల్దేరాలి.

ప్లీడరు గుమస్తా | శనివారం రాత్రి 11:05

ఆవిడ ఇరవై వేలు ఎవరూ అడగరని ముందు చెప్పండి. డిశ్చార్జి కాగితంలో ‘ఆర్‌టీఏ’ (రోడ్డు ప్రమాదం) అని రాసుందేమో చూడండి, తేదీ కూడా. ఫొటో తీసి పంపండి, రేపు ఆదివారమే అయినా మా సార్‌ని ఇంటికెళ్లి అడుగుతాను.

బొబ్బిలి బాబ్జీ | శనివారం రాత్రి 11:30

తమ్ముడూ, సోమవారం నాకూ శ్రీకాకుళంలో పనుంది. ఎన్నింటికి వస్తావు? అర్జీ మీద ఊరివాళ్ల సంతకాలు పెట్టించు, ఎక్కువుంటే మంచిది. బస్సులో రా, బండి మీద వద్దు.